విరిగిన హాకీ స్టిక్‌తో ఏం చేయొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

స్టిక్ ఎప్పుడూ ఒక్కచోటే విరుగుతుంది, మిగతా భాగం దాదాపు కొత్తదానిలాగే ఉంటుంది. అందుకే దాన్ని చెత్తలో వేయడానికి చేతులు రావు, అలాగని మూలన పెడితే ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. నా చేతిలో విరిగినవీ, తోటి ఆటగాళ్లు ఇచ్చినవీ కలిపి చాలా స్టిక్‌లు కోశాను, అతికించాను, కొన్ని పాడు కూడా చేశాను. జనం పదే పదే అడిగే ప్రశ్నలకు ఆ అనుభవంతో జవాబులు రాస్తున్నాను. మైదానం హాకీ, ఐస్ హాకీ రెండూ ఇందులో ఉన్నాయి, ఎందుకంటే ఆ రెండు స్టిక్‌ల ఆకారం వేరు, వాటితో చేసుకునే వస్తువులూ వేరు.

నా స్టిక్ చెక్కదా, కాంపోజిట్‌దా ఎలా తెలుస్తుంది?

విరిగిన చోట చూడండి, అక్కడే తెలిసిపోతుంది. చెక్క అయితే పొడవాటి పేళ్లు లేచి ఉంటాయి, కలప రంగు కనిపిస్తుంది. కాంపోజిట్ అయితే, అంటే సన్నటి పోగుల్ని రెసిన్ అనే గట్టిపడే జిగురుతో కలిపి చేసినదైతే, పొరలు పొరలుగా విడిపోయి దారాల్లాంటి పోగులు బయటికి వస్తాయి. నల్ల పోగులు కార్బన్ ఫైబర్, తెల్లగా మెరిసేవి గ్లాస్ ఫైబర్, పసుపు రంగులో ఉంటే చాలావరకు అరామిడ్, అంటే కెవ్లార్ జాతి. లోపల బోలుగా ఉండొచ్చు, లేదా ఫోమ్ నింపి ఉండొచ్చు.

పాతకాలపు మైదానం హాకీ స్టిక్ అయితే కింద వంపు మల్బరీ కలప, పైన పిడి బెత్తం, మధ్యలో రబ్బరు పట్టీలు ఉంటాయి. అలాంటిది దొరికితే కోయడానికి తొందరపడకండి, ఆ బెత్తం పిడి లోపలి అమరిక చూడ్డానికే చాలా బాగుంటుంది. చెక్క మీద గ్లాస్ ఫైబర్ చుట్టినవి కూడా ఉంటాయి. కోసేటప్పుడు వాటిని కాంపోజిట్‌గానే లెక్కేసుకోండి.

అతికించి మళ్ళీ ఆడొచ్చా?

మైదానం హాకీలో అయితే వద్దనే అంటాను. బయటికి సన్నటి గీతలా కనిపించే పగులు లోపల పొరల మధ్య ఎంత దూరం పాకిందో కంటికి కనబడదు. గట్టిగా కొట్టిన దెబ్బకి అది మళ్ళీ విరిగితే ఆ ముక్క ఎవరి ముఖం మీదికి వెళ్తుందో చెప్పలేం. నిబంధనల ప్రకారం కూడా స్టిక్ నునుపుగా ఉండాలి, పదునైన అంచులు గానీ పేళ్లు గానీ ఉండకూడదు. పైగా టేపు, పూతలు అన్నీ కలిపి 51 మిల్లీమీటర్ల రింగులోంచి దూరాలి. అతికించి మందంగా చుట్టు చుడితే అక్కడే చిక్కు.

ఐస్ హాకీలో బోలు షాఫ్ట్ (స్టిక్‌లో చేత్తో పట్టుకునే పొడవాటి కర్ర) లోపలికి గొట్టం లాంటి ముక్క దూర్చి అతికించే పద్ధతి ఉంది, సరదా ఆటకు కొందరు అలా వాడతారు. కానీ ఆట మధ్యలో స్టిక్ విరిగితే మాత్రం ఆటగాడు దాన్ని వెంటనే వదిలేయాలి, లేకపోతే పెనాల్టీ. గోల్‌కీపర్ ఒక్కరికే ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) నిబంధనల్లో ఆట ఆగేదాకా విరిగిన స్టిక్‌తో కొనసాగే వీలుంది.

కోసే ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క జవాబు చదవండి.

కార్బన్, గ్లాస్ ఫైబర్ కోసినప్పుడు లేచే పొడి మామూలు రంపపు పొట్టు లాంటిది కాదు. ఒంటికి తగిలితే దురద, మంట. పీలిస్తే గొంతుకీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. నేను మొదటిసారి చేతికి తొడుగు లేకుండా విరిగిన కార్బన్ షాఫ్ట్ అంచుని వేలితో తడిమి చూశాను, కంటికి కనిపించనంత సన్నటి ముల్లు దిగింది, అది తీయించుకునేదాకా మూడు రోజులు వేలు వాచిపోయి ఉంది. అప్పటినుంచి తొడుగులు, కళ్లద్దాలు, ఎన్95 మాస్క్ లేకుండా రంపం ముట్టుకోను.

ఇక పద్ధతి. కోయాల్సిన చోట మాస్కింగ్ టేపు రెండు చుట్లు వేసి, దాని మీద గీత గీసుకోండి. పోగులు చీలిపోకుండా టేపు పట్టి ఉంచుతుంది. సన్న పళ్ల హాక్‌సా బ్లేడు వాడండి, అంగుళానికి 32 పళ్లు ఉండేది బాగా పనిచేస్తుంది. నీళ్లు చిలకరిస్తూ కోస్తే పొడి గాల్లోకి లేవదు. తర్వాత నీళ్లలో తడిపి వాడే సాండ్ పేపర్‌తో అంచులు నునుపు చేసి, తడి గుడ్డతో తుడవండి. చీపురుతో ఊడ్చొద్దు, పొడి మళ్ళీ లేస్తుంది. వీలైతే ఆరుబయటే చేయండి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వద్దు.

కార్బన్ పొడి గుండా కరెంటు పారుతుంది. కంప్యూటర్, చార్జర్, ప్లగ్గు బోర్డు ఉన్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

చెక్క స్టిక్ అయితే ఇంత టెన్షన్ లేదు. మాస్క్, కళ్లద్దాలు చాలు, పేళ్లు గుచ్చుకోకుండా చూసుకుంటే సరి.

పాత టేపు, గ్రిప్ జిగురు వదలడం లేదు. ఎలా?

హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి మెల్లగా లాగండి. మిగిలిన జిగురును కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఆ నూనె తడి మిగిలితే రంగు గానీ జిగురు గానీ పట్టదు.

గ్రిప్ బాగుంటే మాత్రం తీయకండి. స్టిక్ మొత్తంలో మనిషి చేతి కోసం తయారైన భాగం అదొక్కటే. తలుపు పిడిగానో పనిముట్టు పిడిగానో మార్చేటప్పుడు అది అలాగే కావాలి.

నా దగ్గర ఒక్క స్టిక్కే ఉంది. మొదటిసారి చేయడానికి ఏది తేలిక?

మైదానం హాకీ స్టిక్ అయితే గోడ కొక్కెం చేయండి. వంపు ఉన్న కింది భాగాన్ని దాదాపు 25 సెంటీమీటర్లు కోసుకుంటే బ్యాగు, కోటు, హెల్మెట్, తడి తువ్వాలు, ఏదైనా తగిలించుకునే బలమైన కొక్కెం వస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. స్టిక్‌కి ఒకవైపు చదునుగా ఉంటుంది కాబట్టి ఆ వైపే గోడకు ఆనించి బిగిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ వంపు గోడకు అతుక్కుపోవడంతో దాని వెనక సందు ఉండదు, బ్యాగు పట్టీ దూరదు. వంపు కొస మన వైపుకి పొడుచుకొచ్చేలా, అంటే ఆ కొసకి ఎదురుగా ఉండే అంచు గోడ వైపు ఉండేలా పెట్టాలి. ఆ అంచు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆనే చోట కొద్దిగా చదును చేసుకోండి. దాన్ని ముందు ఒక చెక్క పలకకు రెండు స్క్రూలతో బిగించి, ఆ పలకను గోడకు బిగించండి. ఒక్క స్క్రూతో సరిపెడితే బరువు పడగానే గిర్రున తిరిగిపోతుంది. రెండు స్క్రూల మధ్య 8 సెంటీమీటర్లైనా ఎడం ఉండాలి.

నాలుగైదు వంపులు పోగైతే ఒకే పొడవాటి పలక మీద వరసగా పెట్టుకోవచ్చు. నా లెక్కలో విరిగిన మైదానం హాకీ స్టిక్‌తో చేయగలిగినవాటిలో దీన్ని మించింది లేదు. ఆ వంపు ఎన్నో దెబ్బలు తట్టుకునేలా చేసిన భాగం, దానికి ఒక బ్యాగు బరువు ఏపాటిది!

ఐస్ హాకీ స్టిక్ బ్లేడుతో కూడా కొక్కెం వస్తుందా?

వస్తుంది గానీ అంత బలంగా ఉండదు. బ్లేడు, అంటే స్టిక్ కింద ఉండే చదునైన భాగం, పల్చగా ఉంటుంది, కాంపోజిట్ అయితే లోపల ఫోమ్. టోపీలు, మెడపట్టీల్లాంటి తేలిక వస్తువులకు పర్వాలేదు. అర కింద ఆసరాగా పెడదామనుకుంటారు కొందరు. దానికి 90 డిగ్రీల మూల కావాలి, బ్లేడుకీ షాఫ్ట్‌కీ మధ్య కోణం అంతకంటే బాగా వెడల్పు, పలక జారుతుంది.

ఐస్ హాకీ స్టిక్‌లో అసలు సొత్తు షాఫ్టే. ఎన్‌హెచ్‌ఎల్‌లో మామూలుగా 63 అంగుళాల దాకా, అంటే 160 సెంటీమీటర్ల దాకా పొడవు ఉండొచ్చు. పైగా అది దీర్ఘచతురస్రాకారంలో తిన్నగా ఉంటుంది, పక్కపక్కన పేరిస్తే చక్కగా కూర్చుంటుంది. అందుకే బల్లలు, కుర్చీలు, ఫొటో ఫ్రేములు దీంతో బాగా వస్తాయి, మైదానం హాకీ స్టిక్‌తో కష్టం. గోల్‌కీపర్ స్టిక్ ఇంకా నయం. దాని వెడల్పాటి భాగం 9 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, చిన్న వస్తువులు పెట్టుకునే సన్నటి అరగా సరిపోతుంది.

స్టూలు చేయాలంటే ఎన్ని ముక్కలు కావాలి?

మామూలు కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఐస్ హాకీ షాఫ్ట్ సగానికి విరిగినా అంత ముక్క మిగులుతుంది. కాళ్లకు నాలుగు ముక్కలు. కూర్చునే భాగానికి షాఫ్ట్ వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు అనుకుని, మధ్యలో అర సెంటీమీటరు సందు వదిలితే తొమ్మిది ముక్కలకి 31 సెంటీమీటర్ల పలక తయారవుతుంది. కాళ్లను కలిపే అడ్డకర్రలకి ఇంకో నాలుగో ఎనిమిదో. మొత్తానికి పది పన్నెండు విరిగిన స్టిక్‌లు ఉంటే ఒక స్టూలు అవుతుంది.

కానీ మనిషి బరువు మోసే కాళ్లుగా బోలు షాఫ్ట్‌లను నమ్మకండి. స్టూలు చట్రమంతా మంచి కలపతో చేసుకుని, పైన కనిపించే పలకలుగా మాత్రమే స్టిక్ ముక్కలు వేయండి. చెక్క స్టిక్‌లైతే కాళ్లకు వాడొచ్చు, అదీ పగులు లేని ముక్కలే. ప్రతి ముక్కనీ రెండు చేతులతో పట్టుకుని వంచి చూడండి, ఎక్కడైనా టిక్కుమని చప్పుడొస్తే పక్కన పెట్టేయండి.

బోలు షాఫ్ట్‌లో స్క్రూ నిలవడం లేదు, ఊడి వస్తోంది. ఏం చేయాలి?

నిలవదు. గోడ చాలా పల్చన, మరలు పట్టుకోవడానికి మందం చాలదు. గట్టిగా బిగిస్తే పగులుతుంది కూడా. లోపలి కొలతకి సరిపడా ఒక చెక్క ముక్క చెక్కి, దానికి రెండు భాగాలు కలిపే ఎపాక్సీ జిగురు పూసి లోపలికి దూర్చండి. ఒక రోజంతా కదపకుండా ఉంచి, తర్వాత బెజ్జం వేస్తే స్క్రూ చెక్కలోకి దిగి గట్టిగా నిలుస్తుంది. బెజ్జం వేసేటప్పుడు డ్రిల్ హ్యామర్ మోడ్‌లో ఉండకూడదు, వెనక ఒక వృథా చెక్క ఆనించి మెల్లగా దించాలి. అటువైపు పొరలు పెచ్చులూడకుండా ఉండేది దానివల్లే.

తడి తగిలే చోట పెట్టే వస్తువైతే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడండి. కార్బన్‌కీ మామూలు ఇనుముకీ, అల్యూమినియంకీ తడిలో పడదు, లోహం త్వరగా తినేసినట్టు అయిపోతుంది.

పనిముట్లకు పిడిగా పనికొస్తుందా?

బాగా. స్టిక్‌ని అలంకారంగా గోడకు వేలాడదీయడం కంటే రోజూ చేత్తో పట్టుకునే వస్తువుగా మార్చడమే నాకు ఇష్టం. పార, మట్టి తవ్వే చిన్న తాపీ, రంగు వేసే బ్రష్షు, నేల తుడిచే మాప్, సాలెగూళ్లు దులిపే బూజుకర్ర, వీటన్నిటికీ పిడి తిన్నగా, తేలికగా, చేతికి పట్టు దొరికేలా ఉంటే చాలు. గ్రిప్ ఉన్న పై భాగం సరిగ్గా అలాంటిదే.

సుత్తి, గొడ్డలికి మాత్రం వద్దు. ఊపి కొట్టే పనిముట్టు తల ఊడిపోతే ప్రాణాపాయం, అందులోనూ ఇది ఒకసారి దెబ్బ తిన్న కర్ర.

చేతికర్రగా వాడుకోవచ్చా? ఇంట్లో పెద్దవాళ్లకి ఇద్దామనుకుంటున్నాను.

ఇవ్వొద్దు. మనిషి తన బరువంతా దాని మీద మోపినప్పుడు విరిగితే పడిపోతారు, పెద్దవాళ్లకి ఆ పడటం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. చెక్క స్టిక్ ఎంత బాగున్నట్టు కనిపించినా సరే.

తోటలో ఎలా వాడాలి?

టమాటా, చిక్కుడు, బీర లాంటి మొక్కలకి ఊతకర్రగా. మైదానం హాకీ స్టిక్ మొత్తం పొడవే 105 సెంటీమీటర్లకి మించదు, విరిగితే ఇంకా తక్కువ. కాబట్టి పొట్టి మొక్కలకి అది సరిపోతుంది, పందిరికి ఐస్ హాకీ షాఫ్ట్‌లే కావాలి. 20 సెంటీమీటర్లకి తగ్గకుండా భూమిలోకి దించండి. వంపుని పైకి ఉంచి పాతితే తీగ ఆ వంపులో కూర్చుంటుంది, తాడుతో కట్టే అవసరం తగ్గుతుంది. నీళ్ల పైపు మలుపు తిరిగే చోట ఒకటి పాతితే పైపు మొక్కల మీదికి ఈడ్చుకుపోదు. ఇది చాలా చిన్న ఉపాయం, కానీ పైపు లాగినప్పుడల్లా ఎంత హాయిగా ఉంటుందో!

చెక్క అయితే మట్టిలో ఉండే భాగం కొన్నాళ్లకి పుచ్చిపోతుంది, మార్చుకోవాలి. కాంపోజిట్ పుచ్చదు. అయితే ఎండకి పైపూత పొడిపొడిగా రాలి పోగులు బయటపడతాయి, అప్పుడు చేతికి గుచ్చుకుంటుంది. అందుకని ఎండ తట్టుకునే వార్నిష్ గానీ పెయింట్ గానీ వేసి పాతండి, ఏడాదికోసారి చూసుకోండి.

పిల్లలకి చిన్న స్టిక్‌గా కోసి ఇవ్వొచ్చా?

పిడి చివర విరిగిన చెక్క స్టిక్ అయితే ఇవ్వొచ్చు. విరిగిన చోటుకి చాలా కిందగా, మంచి కలప దగ్గర కోసి, అంచు గుండ్రం చేసి, కొత్త గ్రిప్ చుట్టండి. తల బరువు అలాగే ఉండి పిడి మాత్రమే పొట్టిదవుతుంది కాబట్టి చిన్నపిల్లలకి కింద బరువుగా అనిపిస్తుంది. బంతిని దొర్లించడం నేర్చుకోవడానికి అది చాలు, సరైన ఆటకి వాళ్ల ఎత్తుకి తగ్గ స్టిక్కే కావాలి. ఐస్ హాకీ షాఫ్ట్‌ని పొట్టి చేస్తే ఇంకో తేడా వస్తుంది, అది బిరుసెక్కుతుంది. దాని మీద రాసి ఉండే ఫ్లెక్స్ అంకె, షాఫ్ట్ ఒక అంగుళం వంగడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో చెప్పేది. కోసిన తర్వాత ఆ అంకె చెల్లదు. పెద్దవాళ్ల షాఫ్ట్‌ని పొట్టిగా కోసి ఇస్తే పిల్లల బలానికి అది అస్సలు వంగదు.

ప్రాక్టీసులో ఏమైనా ఉపయోగం ఉందా?

చాలా ఉంది, ఎవరూ దీన్ని పట్టించుకోరు. నేల మీద రెండు ముక్కలు అడ్డంగా పెడితే బంతిని పైనుంచి ఎత్తి దాటించే సాధన. ముక్కల్ని జతలుగా నిలబెడితే పాస్ వేయడానికి ఇరుకైన ద్వారాలు. కోన్ల మీద అడ్డంగా వేస్తే దూకడానికి చిన్న హర్డిల్స్. అన్ని కొసలకీ మందపాటి టేపు చుట్టి, గాఢమైన రంగు వేయండి, గడ్డిలో కనిపించకపోతే ఎవరో ఒకరు కాలు వేస్తారు.

కూరలు తరిగే పలక చేద్దామా?

వద్దు. రంగులు, రెసిన్, ఫైబర్, మైదానంలో పీల్చుకున్న మురికి, ఇవేవీ తిండిని తాకకూడదు. గరిటె పిడిగా కూడా వద్దు. వేడి గిన్నె కింద పెట్టుకునే చెక్కగా మాత్రం పర్వాలేదు, అదీ పూత లేని చెక్క స్టిక్ ముక్కలతో.

ల్యాంపు చేయాలని ఉంది. ఇబ్బందేమైనా ఉందా?

కార్బన్ గుండా కరెంటు పారుతుందని పైన చెప్పాను, ఇక్కడ అది అసలు విషయం. బోలు షాఫ్ట్ చూడగానే వైరు లోపలినుంచి లాగాలనిపిస్తుంది. వైరు తొడుగు ఎక్కడైనా ఒరిసి చిరిగితే ల్యాంపు మొత్తానికి షాక్ వస్తుంది. చెక్క స్టిక్‌తో చేయండి, లేదా బ్యాటరీతో వెలిగే బల్బు పెట్టండి. కరెంటు తీగల దగ్గర ఏదైనా అందుకోవడానికి కార్బన్ కర్రని ఎప్పుడూ వాడకండి.

చిన్న చిన్న ముక్కలు మిగిలాయి. పారేయాలా?

చెక్క ముక్కలైతే సొరుగు పిడులు, తలుపు కింద పెట్టే ఆపుడు చెక్క, తాళంచెవుల బిళ్లలు. లేత్ ఉన్నవాళ్లు పెన్నులు తిప్పుతారు, మల్బరీ కలప దానికి బాగుంటుంది. పొరలు పొరలుగా రంగులున్న చెక్క షాఫ్ట్ ముక్కల్ని అడ్డంగా కోస్తే ఆ చారలు ఎంత అందంగా వస్తాయో చూస్తే గానీ తెలియదు. పిల్లి ఉంటే ఒక నిలువు ముక్కకి జనపనార తాడు దగ్గర దగ్గరగా చుట్టి గట్టి పీటకి బిగించండి, గోళ్లు గీరుకోవడానికి సోఫా దగ్గరికి రాదు. విరిగిన కార్బన్ ముక్కల్ని కుక్కలకి కొరకడానికి మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి.

ఈ స్టిక్‌తో ఒక జ్ఞాపకం ఉంది. కోయడానికి మనసొప్పడం లేదు.

అయితే కోయకండి. విరిగిన రెండు ముక్కల్నీ విరిగినట్టే, మధ్యలో కాస్త ఎడం వదిలి, ఒక పలక మీద పెట్టండి. పేళ్లకి పల్చగా వార్నిష్ పూస్తే ఇంకా చీలవు. సంతకాలు ఉంటే ముందు ఒక మూల పరీక్షించి చూడండి, కొన్ని వార్నిష్‌లకి సిరా కరిగిపోతుంది. టేపు, బంతి మరకలు, బూట్ల గీతలు అలాగే ఉంచండి, వాటిని తుడిస్తే అది ఏ కొట్టులోనైనా దొరికే స్టిక్ అయిపోతుంది.

చెక్కకి చివర్లో ఏ పూత వేయాలి?

ఇంట్లో వాడేదైతే లిన్‌సీడ్ ఆయిల్ రెండు మూడు సార్లు రుద్దితే చాలు, కలప రంగు లోతుగా తేలుతుంది. కానీ ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు. ఆరేటప్పుడు వాటంతటవే వేడెక్కి నిప్పు అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

ఎందుకూ పనికిరాని ముక్కల్ని కాల్చేయొచ్చా?

కాంపోజిట్‌ని కాల్చొద్దు. రెసిన్ పొగ విషం, సన్నటి పోగులు గాల్లో కలుస్తాయి. ఆ రెసిన్ ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగదు, అందుకే ప్లాస్టిక్ సీసాల్లా కరిగించి కొత్తవి చేయడం కుదరదు. గాలి లేకుండా బాగా వేడిచేసి కార్బన్ పోగుల్ని వేరుచేసే పద్ధతి ఫ్యాక్టరీల్లో ఉంది, అది ఇంట్లో చేసేది కాదు. కొసలకి టేపు చుట్టి, ఎవరికీ గుచ్చుకోకుండా చెత్తలో వేయండి. రంగు, జిగురు ఉన్న చెక్క ముక్కల్ని కూడా కాల్చొద్దు. రంగు లేని ఉత్త కలప అయితే పొయ్యిలో పెట్టుకోవచ్చు.

పది స్టిక్‌లు పోగయ్యేదాకా ఎలా దాచుకోవాలి?

విరిగిన రోజే విరిగిన చోట టేపు చుట్టేయండి, తర్వాత చేద్దామంటే ఆలోపు ఎవరో ఒకరికి గుచ్చుకుంటుంది. చెక్కదో కాంపోజిట్‌దో, ఎన్ని సెంటీమీటర్లు మిగిలిందో ఆ టేపు మీదే మార్కర్‌తో రాయండి. తడి తగలని చోట పెట్టండి. ఆటగాళ్లకి మీరు కూడబెడుతున్నారని ఒకసారి తెలిస్తే మాత్రం చోటు చాలదు, వాళ్లే తెచ్చి ఇస్తారు.